మీకు తెలుసా? పప్పులో ఆఫ్రికా

బెజవాడలో ముద్దపప్పు, ఆవకాయ కలుపుకునేవాళ్లను ఆ పప్పు ఎక్కడిదని అడిగితే వీధి చివర కొట్టు పేరు చెబుతారు. కొట్టాయన గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్ అంటాడు. అక్కడితో మన ఆరా ఆగిపోతుంది. మన దేశం దిగుమతి చేసుకునే కందుల్లో పెద్ద వాటా ఆఫ్రికాదే. మొజాంబిక్, టాంజానియా, మలావి దేశాల నుంచి ఓడల్లో వస్తాయి. ట్రేడు ధరల పట్టికల్లో వాటికి గజరి, అరుష, మట్వారా అని పేర్లు కూడా ఉన్నాయి. ఆ పేర్లు మిల్లు గేటు దాకానే. లోపలికి వెళ్లాక కందులకు నూనె పట్టించి, నీళ్లు చల్లి, ఎండబెట్టి, పొట్టు తీసి బద్ద చేస్తారు. అప్పుడిక ఏ పప్పు ఎవరిదో కనిపెట్టడం పుట్టించిన రైతు తరం కూడా కాదు. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి ఆ పేరు ప్యాకెట్ మీద గర్వంగా ఉంటుంది. మొజాంబిక్ పేరు వేసిన ప్యాకెట్ మీరెప్పుడైనా చూశారా?

ఈ రాకపోకల వెనక ఒక సుంకం రాయితీ పథకం ఉంది. పేద దేశాల సరుకు మీద సుంకం తగ్గించో, తీసేసో ఆ దేశాలు నాలుగు డబ్బులు సంపాదించుకునేలా చూడాలన్నది దాని ఉద్దేశం. ఇలాంటి పథకాలు అమెరికా, యూరప్ మాత్రమే పెడతాయని చాలామంది అనుకుంటారు. మన దేశానికీ ఒకటుంది.

ఢిల్లీలో చెప్పిన మాట, కస్టమ్స్ కాగితం మీద

2008 ఏప్రిల్‌లో ఢిల్లీలో మొదటి భారత్–ఆఫ్రికా శిఖరాగ్ర సభ జరిగింది. బాగా వెనకబడిన దేశాల సరుకుకు సుంకం లేకుండా మన మార్కెట్‌లో చోటిస్తామని ప్రధాని మన్మోహన్ సింగ్ ఆ సభలో ప్రకటించారు. అభివృద్ధి చెందుతున్న దేశం ఒకటి ఇలాంటి పథకం పెట్టడం అదే మొదలని మన వాణిజ్య శాఖ చెప్పుకుంటుంది. ఆ ఏడాది ఆగస్టు 13న 96/2008 నంబరు కస్టమ్స్ నోటిఫికేషన్ వచ్చింది. దీనికోసం పార్లమెంటులో కొత్త చట్టమేమీ చేయలేదు. 1962 నాటి కస్టమ్స్ చట్టంలో 25వ సెక్షన్ కింద సుంకం మినహాయించే అధికారం కేంద్రానికి ఎప్పటినుంచో ఉంది, దాన్నే వాడారు. ఒక్క కాగితంతో ఇచ్చింది ఇంకో కాగితంతో తిరిగి తీసుకోవచ్చు. ఈ రాయితీల బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి.

రాయితీ కావాలంటే సరుకు ఆ దేశానిదేనని పుట్టుక పత్రం చూపించాలి. పొలంలో పండినదైతే పేచీ లేదు. ఫ్యాక్టరీలో తయారైనదైతే కనీసం 30 శాతం విలువ అక్కడే చేరి ఉండాలి. లేకపోతే ఇంకో దేశం సరుకు మలావి మీదుగా తిరిగొచ్చి మలావి సరుకైపోతుంది. ఐక్యరాజ్య సమితి లెక్కలో బాగా వెనకబడిన దేశాలు ఇప్పుడు 44, వాటిలో 32 ఆఫ్రికాలోనే ఉన్నాయి. కెన్యా, ఘనా, నైజీరియా ఆ జాబితాలో లేవు. అందుకే కందుల మీద సుంకం ఉన్న రోజుల్లో పక్కపక్క పొలాల్లో పండినవైనా టాంజానియావైతే ఒక లెక్క, సరిహద్దు దాటి కెన్యావైతే ఇంకో లెక్క.

సుంకం లేదన్నారు, గేటు వేశారు

2015 దసరా రోజులు గుర్తున్నాయా? కిలో కందిపప్పు 200 రూపాయలు దాటింది. సాంబారు పలచబడిన రోజులవి. మరుసటి ఏడాది జూలైలో ప్రధాని మోదీ మొజాంబిక్ రాజధాని మపూటో వెళ్లినప్పుడు కందుల ఒప్పందం కుదిరింది. తొలి ఏడాది లక్ష టన్నులు కొంటాం, ఏటా పెంచుకుంటూ 2020–21 నాటికి 2 లక్షల టన్నులకు తీసుకెళతాం అన్నారు. పండించుకోండి, కొనే పూచీ మాది అన్నట్టు.

ఆ మాట నమ్మి అక్కడ విత్తనం వేశారు. ఇక్కడ మన రైతు కూడా 200 రూపాయల పప్పును చూసే విత్తనం వేశాడు. 2015–16లో మన దేశంలో పండిన కందులు 25.6 లక్షల టన్నులైతే 2016–17లో 48.7 లక్షల టన్నులు పండాయి. మద్దతు ధర క్వింటాలుకు 5,050 ఉంటే మార్కెట్ ధర దానికంటే కిందకి జారింది. 2017 మార్చిలో కేంద్రం కందుల మీద 10 శాతం దిగుమతి సుంకం వేసింది. వెనకబడిన దేశాలకు అది వర్తించదు కాబట్టి మొజాంబిక్‌కు మేలే జరగాలి. కానీ ఆగస్టులో దిగుమతులనే కట్టడి చేసి, ఏడాదికి ఇన్ని టన్నులే అని పరిమితి పెట్టారు. ఒప్పందంలో ఉన్న కోటా వరకు మొజాంబిక్‌కు దారి ఉంది. అంతకు మించి పండించినదానికి లేదు. తామైతే పెద్దగా వండుకోని పంట, కొనే దేశం దాదాపు ఒక్కటే, ఆ దేశం గేటు వేసింది. అక్కడి ఊళ్లలో కందుల ధర కుప్పకూలింది.

2021 మేలో మళ్లీ గేటు తీశారు. మొజాంబిక్ ఒప్పందాన్ని ఇంకో ఐదేళ్లు పొడిగించారు. మలావితో ఏడాదికి 50,000 టన్నుల ఒప్పందం రాసుకున్నారు. ఇక 2023 మార్చిలో ముడి కందుల మీద 10 శాతం సుంకాన్ని అందరికీ తీసేశారు. వినడానికి బాగానే ఉంది. అందరికీ సున్నా అయ్యాక పేద దేశానికి ఇచ్చిన సున్నాకు విలువేముంది? 2008లో పెట్టిన సుంకం రాయితీ కందుల విషయంలో అడ్డూ ఆపూ లేకుండా నిజంగా అక్కరకొచ్చింది, 2017లో ఆ కొన్ని నెలలు వదిలేస్తే, 2021 మే నుంచి 2023 మార్చి దాకానే అని నాకనిపిస్తుంది. మిగతా కాలమంతా ఆదుకున్నది కోటా, లేదంటే మన ధరల మంట.

ఒక్క సంగతి మాత్రం ఈ వ్యాపారానికి కలిసొచ్చింది. తూర్పు ఆఫ్రికాలో కంది కోతలు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. మన కంది చేలు సంక్రాంతి అటూ ఇటూగా కోతకొస్తాయి. పాత పప్పు అడుగంటే వేళకు వాళ్ల ఓడ అందుతుంది.

ఆ విత్తనానికి పటాన్‌చెరు చుట్టరికం

కంది పుట్టింది మన దేశంలోనే అని శాస్త్రజ్ఞులు చెబుతారు. వేల ఏళ్ల కిందట సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా చేరింది. రెండోసారి దారి చూపింది హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో 1972లో పెట్టిన ఇక్రిశాట్. ఆఫ్రికా పొలాల్లో కందిని ఎండు తెగులు ఊడ్చేస్తుంటే, ఇక్రిశాట్ ఆఫ్రికా విభాగం ఆ తెగులుకు తట్టుకునే పెద్ద గింజ రకాన్ని తీసింది. ఐసీఈఏపీ 00040 దాని నంబరు. మలావిలో 2000లో విడుదల చేసి కచంగు అని పేరు పెట్టారు. టాంజానియాలో అదే విత్తనం పేరు మాలి. సుంకం ఎంత తగ్గించినా అమ్మడానికి గింజ ఉండాలిగా. వాణిజ్య రాయితీల గురించి రాసేవాళ్లు విత్తనం సంగతి ఎందుకో మర్చిపోతుంటారు.

98 శాతం ఇచ్చి, మిగతా రెండులో ఏం దాచారు?

2014 ఏప్రిల్ నుంచి మన పథకం 98.2 శాతం సరుకుల పద్దులకు వర్తిస్తోంది. ఇంకేం కావాలి అనిపిస్తుంది. మినహాయించిన కొద్దిపాటి సరుకుల పట్టిక చదివితే నవ్వొస్తుంది. కాఫీ, టీ, పొగాకు, రాగికి చెందిన కొన్ని సరుకులు ఉన్నాయి అందులో. ఇథియోపియా, ఉగాండా బతుకుతున్నది కాఫీ మీద. జాంబియాకు రాగే ఆధారం. మలావి ఎగుమతుల్లో పొగాకుదే అగ్రస్థానం. వాళ్ల దగ్గర లేని వేల వస్తువులకు గేటు బార్లా తీసి, ఉన్న నాలుగింటికి ఓరగా వేసి ఉంచాం. మనవైపు కారణమూ ఉంది, కాదనలేం. అరకులో కాఫీ ఉంది, ప్రకాశం జిల్లాలో పొగాకు ఉంది, ఆ రైతులు కూడా మనవాళ్లే.

గుంటూరు పొగాకు, న్యాసాలాండ్ పొగాకు

పొగాకు మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పాలి. రాయితీ ఇచ్చే చోట కాక, పుచ్చుకునే చోట మన తీరాంధ్ర కూడా ఒకప్పుడు నిలబడింది. 1919లో బ్రిటన్ తన సామ్రాజ్యంలో పండిన పొగాకు మీద సుంకంలో ఆరో వంతు తగ్గించింది. 1925లో ఆ తగ్గింపును నాలుగో వంతు చేసింది. అమెరికా పొగాకుకు మాత్రం పూర్తి సుంకం. లండన్‌లో ఆ ఒక్క మార్పు జరిగాక సిగరెట్ కంపెనీల చూపు సామ్రాజ్యంలోని నల్లరేగడి మీదా, ఎర్రమట్టి మీదా పడింది.

ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ గుంటూరు జిల్లాలో అప్పటికే ఉంది. ఐ.ఎల్.టి.డి. అంటే ఆ వైపు పాతవాళ్లకు ఇప్పటికీ చీరాలే గుర్తొస్తుంది. 1920లో గుంటూరు జిల్లాలో వర్జీనియా పొగాకు సాగు మొదలైంది. 1928 నుంచి ఆకు కాల్చే బ్యారన్లు లేచాయి. ఆకును కర్రలకు కట్టి, బ్యారన్‌లో వరుసలుగా వేలాడదీసి, కింద గొట్టాల్లో వేడి పారించి, పచ్చ ఆకు నిమ్మపండు రంగు తిరిగేదాకా రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండాలి. వేడి కాస్త ఎక్కువైతే ఏడాది కష్టం మాడిపోతుంది. ఆ కాపలా మన పల్లెలకు నేర్పింది లండన్ సుంకాల పట్టికే అంటే అతిశయోక్తి కాదు.

అదే రాయితీతో అదే సమయంలో పైకొచ్చిన ఇంకో ప్రాంతం న్యాసాలాండ్, అంటే ఇప్పటి మలావి. ఒకే రాయితీ, ఒకే కొనుగోలుదారు, ఇద్దరు అమ్మకందార్లు. తర్వాత మనకు స్వాతంత్ర్యం వచ్చింది, 1976లో గుంటూరులో పొగాకు బోర్డు వచ్చింది, వరి పెసర మిర్చి ఇంకా ఎన్నో ఆదాయాలు వచ్చాయి. మలావి మాత్రం ఇంకా ప్రధానంగా పొగాకు మీదే ఉంది. ఇప్పుడు ఆ పొగాకుకు మన పథకంలోనే చోటు లేదు.

మాగాణి మినుముకు బర్మా పోటీ

కందుల్లో కలిసొచ్చిన కాలం మినుముల్లో ఎదురుతిరిగింది. కృష్ణా డెల్టాలో వరి కోతకు మూడు నాలుగు రోజుల ముందే, చేను నిలబడి ఉండగానే పొలంలో మినుము చల్లుతారు. కోత కూలీల కాళ్ల కింద తొక్కుడుపడి గింజ మట్టిలో దిగుతుంది. దుక్కి లేదు, నీరు పెట్టేది లేదు. నేలలో మిగిలిన పదునుతో, మంచుతో పెరిగి ఫిబ్రవరి, మార్చిలో చేతికొస్తుంది. ఎల్‌బీజీ అనే మూడక్షరాలు దివిసీమ నుంచి రేపల్లె దాకా ఏ రైతుకైనా తెలుసు, లాం ఫారం మినుము రకాలకు పెట్టిన గుర్తవి. పల్లాకు తెగులు రాకపోతే ఆ ఏడాది అప్పు తీరినట్టే.

సరిగ్గా అదే నెలల్లో బర్మాలోనూ మినుము కోతకొస్తుంది. అక్కడా డెల్టానే, ఐరావతి డెల్టా. అక్కడా వరి తీసిన పొలంలోనే, మిగిలిన తేమతోనే. బర్మా వాళ్లు మినుము పండించేది ప్రధానంగా మనకు అమ్మడానికే. మయన్మార్ బాగా వెనకబడిన దేశాల జాబితాలో ఉంది, పైగా 2010 నుంచి ఆసియాన్ ఒప్పందం కూడా ఉంది. 2021లో ఏటా 2.5 లక్షల టన్నుల మినుములకు ఐదేళ్ల ఒప్పందం చేసుకున్నాం. యాంగోన్‌లో ఎక్కిన బస్తా చెన్నై రేవులో దిగుతుంది. తెనాలి మిల్లుల్లో మాగాణి మినుము ధర ఎంత అని అడిగే రైతు ముందుగా చెన్నైలో బర్మా సరుకు ఎంతకు నడుస్తోందో కనుక్కోక తప్పదు. 2025–26కు కేంద్రం మినుముకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,800 రూపాయలు. కొనేవాళ్లు ఉంటేనే అది ధర, లేకపోతే అంకె.

రంగూన్ రేవుల్లో, బియ్యం మిల్లుల్లో ఒకప్పుడు బస్తాలు మోసినవాళ్లలో మనవాళ్లెంతమందో. ఇప్పుడు ఆ బస్తాలే ఇటు వస్తున్నాయి.

సుంకం మారితే ఊళ్లు కదిలాయి

1825కు ముందు మారిషస్ చక్కెర బ్రిటన్‌లో వెస్టిండీస్ చక్కెర కంటే ఎక్కువ సుంకం కట్టేది. ఆ ఏడాది రెండింటికీ సమానం చేశారు. అంతే, ద్వీపమంతా చెరకైపోయింది. 1835లో బానిసత్వం రద్దయ్యేసరికి పొలాల్లో మనుషులు కావాల్సి వచ్చి తోటల యజమానులు మన తీరం మీద పడ్డారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు నుంచి, మద్రాసు నుంచి తెలుగువాళ్లు కంట్రాక్టు కూలీలుగా ఓడ ఎక్కారు. మారిషస్‌లో తెలుగువాళ్లకు కోరంగీలని పేరు పడింది అందుకే.

ఆ చెరకు తోటల దేశానికి 1975లో పెద్ద వరం దొరికింది. టోగో రాజధాని లోమేలో యూరప్‌తో కుదిరిన ఒప్పందం కింద ఏటా సుమారు 5 లక్షల టన్నుల చక్కెరను యూరప్ తన ఇంటి ధరకే కొంటానంది. చాలా ఏళ్లు అది ప్రపంచ ధరకు రెండు మూడు రెట్లు ఉండేది. ఆ వరం దొరక్కముందే, చక్కెర ఎల్లకాలం మోయదని గ్రహించి 1970లోనే ఎగుమతుల జోన్ల చట్టం చేసుకుని బట్టల ఫ్యాక్టరీలు పెట్టుకుంది మారిషస్. 2009 సెప్టెంబరుతో చక్కెర వరం ముగిసినా దేశం కూలిపోలేదు. రాయితీని తాత్కాలికమని మొదటిరోజు నుంచే అనుకున్న దేశాలు తక్కువ. మన దేశం ఆఫ్రికాలో మొదటిసారి వాణిజ్య ఒప్పందం చేసుకుంది కూడా మారిషస్‌తోనే, 2021 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఉగాదికి సెలవిచ్చే ఆఫ్రికా దేశం కూడా అదే మరి.

పాత బట్టలు వద్దన్నందుకు

ఈ తరహా చట్టాల్లో పేరుమోసింది అమెరికాది. 2000 మే 18న క్లింటన్ సంతకం చేశారు, అగోవా అంటారు. సహారా దిగువన ఉన్న ఆఫ్రికా దేశాల వేల రకాల సరుకుకు అది అమెరికాలో సుంకం తీసేసింది. లెసోతో లాంటి చిన్న కొండ దేశం జీన్సు కుట్టి అమ్మగలిగింది దీనివల్లే. కానీ అర్హత ఉందో లేదో ఏటా తేల్చేది అమెరికా అధ్యక్షుడు. రువాండా తన దర్జీ పనిని కాపాడుకోవాలని అమెరికా నుంచి వచ్చే పాత బట్టల మీద సుంకం పెంచితే, 2018 జూలై నెలాఖరు నుంచి రువాండా దుస్తులకు ఈ రాయితీ ఆపేశారు. అంతర్యుద్ధం పేరు మీద 2022 జనవరి 1న ఇథియోపియాను తీసేశారు, హవాసా పారిశ్రామిక వాడలో బట్టలు కుట్టే అమ్మాయిలకు ఆ యుద్ధంతో పనేమిటో మరి. 2015లో ఇచ్చిన పదేళ్ల పొడిగింపు 2025 సెప్టెంబరు 30తో ముగిసింది.

మనకూ ఆ అనుభవం ఉంది. అమెరికా 1974 చట్టం కింద మనకున్న రాయితీని 2019 జూన్ 5న తీసేసింది. డెల్టా రొయ్యల రైతుకు అది తెలియను కూడా లేదు, రొయ్యకు మామూలు సుంకమే సున్నా కాబట్టి. 2025 ఆగస్టు 27న మన సరుకు మీద 50 శాతం పడ్డప్పుడు మాత్రం కైకలూరు, ముదినేపల్లి చెరువు గట్ల మీద కౌంటు ధరల కంటే ముందు ట్రంప్ మాటే వినిపించింది.

తిరుగు ఓడలో నూకలు

కందులు అటునుంచి వస్తే బియ్యం ఇటునుంచి పోతాయి. మన డెల్టా జిల్లాల మిల్లుల్లో ఆడిన ఉప్పుడు బియ్యం, నూకలు కాకినాడ రేవు నుంచి బెనిన్, సెనెగల్, ఐవరీ కోస్ట్ చేరతాయి. 2024 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ‘సీజ్ ద షిప్’ అన్న స్టెల్లా ఓడ కూడా పశ్చిమ ఆఫ్రికాకు బయల్దేరినదే. మనం ఇంటిదగ్గర నూకలని పక్కన పెట్టేది సెనెగల్‌లో పెళ్లి భోజనం. చేపలతో వాళ్లు వండుకునే అన్నానికి నూకలే కావాలి, నిండు గింజ ఇస్తే బాగోదంటారు.

2022 సెప్టెంబరులో నూకల ఎగుమతి నిషేధించాం. 2023 జూలైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఆపేశాం. వర్షాలు తగ్గాయి, ఇక్కడ ధరలు పెరుగుతున్నాయి, ఎన్నికలు దగ్గరలో ఉన్నాయి. పేద దేశాల నుంచి కొనే సరుకుకు సుంకం ఉండదని కాగితం రాసుకున్నాం కానీ, వాళ్లకు అమ్మే సరుకు ఆపబోమని ఎక్కడా రాయలేదు. ఆ దేశాలు ఢిల్లీకి విడివిడిగా అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. 2023 అక్టోబరులో కామెరూన్‌కు 1,90,000 టన్నులు, ఐవరీ కోస్ట్‌కు, గినీకి చెరి 1,42,000 టన్నులు సహకార ఎగుమతుల సంస్థ ద్వారా అనుమతించారు. తెల్ల బియ్యం నిషేధం 2024 సెప్టెంబరులో, నూకలది 2025 మార్చిలో ఎత్తేశారు.